ఎక్స్‌టీకి ఏ ఫ్లాపీ, ఏటీకి ఏ ఫ్లాపీ: పాత ఐబీఎం పీసీలకు సరిపడే డిస్కులు ఎంచుకోవడం

ఐదుంపావు అంగుళాల ఫ్లాపీలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అదే కొలత, అదే నల్ల తొడుగు, నడుమ అదే పెద్ద చిల్లు. ఏ డ్రైవ్‌లో పెట్టినా పడుతుంది, లివర్ దిగుతుంది, మోటారు తిరుగుతుంది. చిక్కంతా అక్కడే వస్తుంది. డ్రైవ్‌లో పట్టింది కదా అని ఫార్మాట్ కొడితే (డిస్కును రాతకు సిద్ధం చేస్తే) ఒక్కోసారి అది కూడా అయిపోతుంది. కొన్నాళ్లకు ఫైలు తెరవబోతే తెర మీద ‘డేటా ఎర్రర్ రీడింగ్ డ్రైవ్ ఎ’ అని కనిపిస్తుంది. డిస్కు పాతబడిపోయిందనుకుంటాం గానీ, చాలాసార్లు అది మొదటి రోజే ఆ డ్రైవ్‌కు సరిపడని డిస్కు.

అందుకని డిస్కుల కోసం వెతికేముందు మీ యంత్రంలో ఉన్న డ్రైవ్ ఏదో తేల్చుకోండి. ఆ సంగతి తేలితే ఏ డిస్కు కొనాలన్న ప్రశ్న ముప్పాతిక వంతు తీరిపోయినట్టే. ఇక్కడ చెప్పేది ఐబీఎం పీసీ, దాని తర్వాతి మోడళ్లైన ఎక్స్‌టీ, ఏటీ, వాటికి సరిసాటిగా తయారైన క్లోన్‌ల గురించి. ఎనభైల చివర, తొంభైల మొదట్లో మన ఆఫీసుల్లోకి, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలోకి వచ్చిన పీసీ-ఎక్స్‌టీ, పీసీ-ఏటీలు చాలావరకు ఈ కోవలోవే. ఆపిల్ 2, కమడోర్ 64 లాంటివి డేటా రాసే పద్ధతి వేరు. ఒక్క మాట మాత్రం వాటికీ వర్తిస్తుంది: వాటికీ కావాల్సింది డబుల్ డెన్సిటీ డిస్కే (డేటా తక్కువ దట్టంగా పట్టే రకం), హై డెన్సిటీ (ఎక్కువ దట్టంగా పట్టే రకం) కాదు.

డ్రైవ్ ఏదో తేల్చడం

1981 ఆగస్టులో వచ్చిన మొదటి ఐబీఎం పీసీలో డిస్కుకు ఒక వైపే రాసే డ్రైవ్ ఉండేది. 40 ట్రాకులు (డేటా రాసే గుండ్రటి వరుసలు), ట్రాకుకు 8 సెక్టర్లు (ఆ వరుసలోని ముక్కలు), మొత్తం 160కె, అంటే 160 కిలోబైట్లు. 1982లో డాస్ (ఆ పీసీలను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) 1.1తో రెండు వైపులా రాయడం మొదలై 320కె అయింది. 1983 మార్చిలో ఎక్స్‌టీతో పాటు వచ్చిన డాస్ 2.0 ట్రాకుకు 9 సెక్టర్లు రాసింది. దాంతో ఒక వైపు అయితే 180కె, రెండు వైపులా అయితే 360కె. ఈ నాలుగు అంకెలూ చూసి నాలుగు రకాల డిస్కులు కావాలని కంగారు పడనక్కర్లేదు. నాలుగింటికీ డిస్కు ఒక్కటే, డబుల్ డెన్సిటీ. మారింది దాని మీద సెక్టర్లు పేర్చిన తీరు మాత్రమే. డాస్ 1.1 నడిపే యంత్రానికి డిస్కు తయారు చేయాలన్నా కొత్త డాస్‌లో ఫార్మాట్ కమాండ్‌కు /8 తగిలిస్తే చాలు. ఒక వైపే కావాలంటే /1 కూడా.

1984 ఆగస్టులో ఏటీతో వచ్చిన 1.2 ఎంబీ డ్రైవ్ మాత్రం వేరే జాతి. 80 ట్రాకులు, ట్రాకుకు 15 సెక్టర్లు, నిమిషానికి 360 చుట్లు. పాత డ్రైవ్ తిరిగేది 300 చుట్లే. కొలత మారకపోవడంతో ఈ రెండింటి మధ్యే డిస్కులు తారుమారవుతుంటాయి.

బయటి నుంచి గుర్తు పట్టడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. ఐబీఎం తన ఏటీలో పెట్టిన 360కె డ్రైవ్ ముఖం మీద చిన్న నక్షత్రం గుర్తు అచ్చొత్తింది. అది ఉంటే 360కె. క్లోన్‌లలో ఆ గుర్తు ఉండదు కాబట్టి డ్రైవ్ బయటికి లాగి స్టిక్కర్ మీది మోడల్ నంబరు చూడటమే నమ్మకమైన దారి. టీయాక్ డ్రైవ్‌లలో ఎఫ్‌డీ-55 తర్వాతి అక్షరం చూడండి: బీ అయితే 360కె, ఎఫ్ అయితే 80 ట్రాకుల 720కె, జీ అయితే 1.2 ఎంబీ. పానసానిక్‌లో జేయూ-455 అంటే 360కె, జేయూ-475 అంటే 1.2 ఎంబీ. టాండన్ టీఎం100-2 అనే పొడవాటి, రెట్టింపు ఎత్తు డ్రైవ్ కనబడితే అది 360కె.

ఎక్స్‌టీలో 1.2 ఎంబీ డ్రైవ్ తగిలిస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. ఎక్స్‌టీ ఫ్లాపీ కంట్రోలర్ సెకనుకు 250 కిలోబిట్ల వేగానికే కట్టుబడి ఉంటుంది. హై డెన్సిటీకి 500 కావాలి. హై డెన్సిటీ కంట్రోలర్ కార్డు, దానికి తగిన బయోస్ (యంత్రంలోని మూల సాఫ్ట్‌వేర్) రెండూ ఉంటే తప్ప ఎక్స్‌టీకి హై డెన్సిటీ డిస్కుల జోలికి పోవద్దు.

ఒకదాని బదులు ఇంకొకటి ఎందుకు పనికిరాదు

రెండు కారణాలున్నాయి. మొదటిది పూత. డిస్కు మీది అయస్కాంత పూత ఎంత మొండిదో ఎర్‌స్టెడ్‌లలో కొలుస్తారు. డబుల్ డెన్సిటీ ఐదుంపావు డిస్కుది సుమారు 300, హై డెన్సిటీది సుమారు 600, అంటే రెట్టింపు. 360కె డ్రైవ్ హెడ్ (రాసే, చదివే భాగం) పుట్టించే బలం 300ల పూతకు లెక్కగట్టింది. 600ల పూత మీద ఆ రాత లోతుగా దిగదు. చాలాసార్లు ‘ట్రాక్ 0 బ్యాడ్’ అని ఫార్మాట్ దగ్గరే ఆగిపోతుంది. ఆగకుండా పూర్తయితే అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ రాత ఎన్నాళ్లుంటుందో చెప్పలేం.

1.2 ఎంబీ డ్రైవ్‌లో హై డెన్సిటీ డిస్కు పెట్టి /4తో 360కెగా ఫార్మాట్ చేసినా కథ అదే. తక్కువ డెన్సిటీలో రాయమనగానే ఆ డ్రైవ్ కూడా రాసే కరెంటును తగ్గించేస్తుంది, మొండి పూతకు అది చాలదు. ఇక తిరగేసి డబుల్ డెన్సిటీ డిస్కును 1.2 ఎంబీగా ఫార్మాట్ చేస్తే, మెత్తటి పూత మీద అంత దగ్గర దగ్గరగా బిట్లు నిలవవు. ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. చుట్టుకొలత తక్కువగా ఉండే లోపలి ట్రాకుల్లో ఇది మరీ ఎక్కువ. రెండు వందలో మూడు వందలో కిలోబైట్లు బ్యాడ్ సెక్టర్లుగా పోయి, మిగిలింది బాగానే ఉందని డాస్ చెప్పినా ఆ మిగిలిందాన్ని నమ్మకండి.

రెండో కారణం ట్రాకు వెడల్పు. 40 ట్రాకుల డ్రైవ్ రాసే గీత సుమారు 0.33 మిల్లీమీటర్లు, 80 ట్రాకుల డ్రైవ్‌ది సుమారు 0.16. గోడ మీద వెడల్పు బ్రష్షుతో రాసిన నినాదం మీద సగం వెడల్పున్న బ్రష్షుతో సున్నం కొడితే ఏమవుతుంది? నడుమ చెరిగి రెండంచులా పాత రంగు మిగిలిపోతుంది. 360కె డ్రైవ్‌లో రాసిన డిస్కును ఏటీలో పెట్టి, దాని మీద ఒక్క ఫైలు సేవ్ చేసినా జరిగేది ఇదే. ఏటీ సన్న హెడ్‌కు కొత్త రాతే కనబడుతుంది కాబట్టి అక్కడ అన్నీ బాగుంటాయి. అదే డిస్కు తిరిగి ఎక్స్‌టీకి వెళ్తే, వెడల్పు హెడ్ కింద కొత్త రాతతో పాటు అంచుల్లో పాత రాత కూడా పడి, రెండూ కలగలిసి ‘సెక్టర్ నాట్ ఫౌండ్’ వస్తుంది. ఫైలు ఒక్కటే పోతే బాధ లేదు. సేవ్ చేసేటప్పుడు డైరెక్టరీ, ఫ్యాట్ (ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో చెప్పే పట్టిక) కూడా తిరగరాస్తారు కాబట్టి డిస్కు మొత్తం చదవడానికి వీల్లేకుండా పోవచ్చు.

కాబట్టి ఎక్స్‌టీ డిస్కును ఏటీలో చదవడానికి పెట్టేముందు పక్క గాటు మీద టేపు అంటించండి. ఐదుంపావు డిస్కులో గాటు మూసేస్తే రాత బంద్. టేపు మాత్రం నల్లదో, వెండి రంగుదో అయి ఉండాలి. కొన్ని డ్రైవ్‌లు ఆ గాటును వెలుతురుతో చూస్తాయి. పారదర్శకంగా ఉండే సెల్లో టేపు వేస్తే వెలుతురు దూరిపోయి డ్రైవ్ నిక్షేపంగా రాసేస్తుంది.

డిస్కును గుర్తుపట్టడం

లేబుల్ మీది అక్షరాలు తెలిస్తే సగం పని తేలిక. డీఎస్/డీడీ, 2ఎస్/2డీ, 2డీ, 48 టీపీఐ (అంగుళానికి ట్రాకుల సంఖ్య), వీటిలో ఏది కనిపించినా డబుల్ డెన్సిటీ, ఎక్స్‌టీకి పనికొస్తుంది. 2హెచ్‌డీ, డీఎస్/హెచ్‌డీ అని ఉంటే 1.2 ఎంబీ డ్రైవ్‌కే. 96 టీపీఐ అన్న ఒక్క మాట చూసి హై డెన్సిటీ అనుకోకండి. డీఎస్/క్యూడీ 96 టీపీఐ అని ఒక రకం ఉంది. అది 80 ట్రాకులకు పరీక్షించిన డిస్కే గానీ పూత డబుల్ డెన్సిటీదే. ఎక్స్‌టీలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, 1.2 ఎంబీకి పనికిరాదు. ఎస్ఎస్/డీడీ అన్నవాటిలో రెండో వైపు తయారీదారు పరీక్షించి ఉండడు. చాలావాటిలో రెండు వైపులా పూత ఉంటుంది కాబట్టి 360కెకి పనిచేయొచ్చు, కానీ ముఖ్యమైన ఫైళ్లకు మేమైతే వాడం.

లేబుల్ ఊడిపోయిన డిస్కుల విషయంలో నడిమి చిల్లు చుట్టూ చూడండి. అంచుకు బలంగా ఒక ప్లాస్టిక్ రింగు అతికించి ఉంటే అది దాదాపు డబుల్ డెన్సిటీ. హై డెన్సిటీ డిస్కులకు సాధారణంగా ఈ రింగు ఉండదు. రింగు లేని డబుల్ డెన్సిటీలూ అక్కడక్కడ తగులుతాయి, కాబట్టి ఇది ఆనవాలే, తీర్పు కాదు. తర్వాత హెడ్ కిటికీలోంచి (పూత బయటికి కనబడే, తొడుగులోని పొడవాటి చిల్లు) పూత రంగు చూడండి. డబుల్ డెన్సిటీ గోధుమ రంగు వైపు, హై డెన్సిటీ నలుపు వైపు ఉంటాయి. తెలిసిన డిస్కు ఒకటి పక్కన పెట్టుకుని పగటి వెలుతురులో పోల్చితేనే ఈ తేడా తెలుస్తుంది. వేలు మాత్రం పూతకు తగలనీయకండి.

అప్పటికీ తేలకపోతే ఏటీ ఉన్నవాళ్లు 1.2 ఎంబీగా ఫార్మాట్ చేసి చూడొచ్చు. చివర్లో 1,213,952 బైట్లు అని వచ్చి బ్యాడ్ సెక్టర్ల వరుస లేకపోతే హై డెన్సిటీ. ట్రాక్ 0 దగ్గరే ఆగిపోయినా, బోలెడు బ్యాడ్ సెక్టర్లు వచ్చినా బహుశా డబుల్ డెన్సిటీ. ఈ పరీక్షకు గురైన డిస్కును ఎక్స్‌టీకి ఇచ్చేముందు డీగాస్ చేయాలి, అంటే అయస్కాంతంతో పూర్తిగా చెరపాలి. అదెలాగో కింద ఉంది.

ఇంకో చిన్న పరీక్ష, ముఖ్యంగా విదేశాల నుంచి వచ్చిన పాత సరుకు విషయంలో. నడిమి చిల్లులో రెండు వేళ్లు పెట్టి డిస్కును మెల్లగా తిప్పుతూ, దాని పక్కనున్న చిన్న చిల్లులోకి చూడండి. ఒక పూర్తి చుట్టులో లోపలి రంధ్రం ఒక్కసారే ఎదురుపడితే సాఫ్ట్ సెక్టర్ డిస్కు, మీకు కావాల్సింది అదే. 11 సార్లో 17 సార్లో ఎదురుపడితే అది హార్డ్ సెక్టర్ డిస్కు. నార్త్ స్టార్ లాంటి పాత యంత్రాలవి. ఐబీఎం పీసీ దాన్ని ఫార్మాట్ చేయలేదు.

ఫార్మాట్ కొట్టడం

ఎక్స్‌టీలో, 360కె డ్రైవ్‌లో, డబుల్ డెన్సిటీ డిస్కుకు ‘ఫార్మాట్ ఎ:’ చాలు. చివర్లో 362,496 బైట్లు రావాలి. ఏటీలో, 1.2 ఎంబీ డ్రైవ్‌లో, హై డెన్సిటీ డిస్కుకూ అదే కమాండ్. ఏటీ డ్రైవ్‌లో డబుల్ డెన్సిటీ డిస్కు పెడితే మాత్రం ‘ఫార్మాట్ ఎ: /4’ అనాలి. డాస్ 4.0 నుంచి ‘/ఎఫ్:360’ అన్నా అదే పని. ఐదుంపావు డిస్కు ఏ రకమో ఆ డ్రైవ్ తనంతట తాను కనుక్కోలేదు. మీరు చెప్పకపోతే 1.2 ఎంబీయే అనుకుని మొదలుపెడుతుంది.

డాస్ 5 నుంచి ఒక మెలిక ఉంది. ఇంతకుముందు అదే సైజుకు ఫార్మాట్ అయిన డిస్కును మళ్లీ ఫార్మాట్ చేస్తే డాస్ ట్రాకులను తిరగరాయదు, ఫ్యాట్‌నూ రూట్ డైరెక్టరీనీ తుడిచి ఊరుకుంటుంది. పాత డిస్కులను నిజంగా కొత్తగా రాయించాలంటే /యూ తప్పనిసరి.

ఫార్మాట్ అయ్యాక బ్యాడ్ సెక్టర్ల వరుస కనిపిస్తే ఒక్కసారి హెడ్ తుడిచి మళ్లీ చేయండి. రెండోసారి పూర్తిగా శుభ్రంగా వస్తే మురికి హెడ్‌దని అర్థం. ప్రతిసారీ అంకె మారుతుంటే మాత్రం ఆ డిస్కు పక్కన పెట్టేయండి, పూత వదులవుతోంది.

ఏటీ నుంచి ఎక్స్‌టీకి ఫైళ్లు చేరవేయాలంటే

అన్నిటికంటే మంచి దారి ఏటీలోనే రెండో డ్రైవ్‌గా 360కె డ్రైవ్ పెట్టుకోవడం. ఏటీ కంట్రోలర్ దాన్ని చక్కగా నడుపుతుంది. కేబుల్ చివర, మెలి తిరిగిన వైర్ల తర్వాతి కనెక్టర్ ఎ డ్రైవ్‌కు, మధ్యది బికి. రెండు డ్రైవ్‌ల సెలెక్ట్ జంపర్లూ (డ్రైవ్ నంబరు నిర్ణయించే, పిన్నులకు తొడిగే చిన్న ముక్కలు) రెండో స్థానంలోనే ఉండాలి, సున్నా నుంచి లెక్కిస్తే డీఎస్1. టెర్మినేటర్ రెసిస్టర్ చివరి డ్రైవ్‌కే ఉంచి, రెండోదానికి తీసేయండి. ఏటీ సెటప్‌లో (యంత్రం అమరికలు నమోదు చేసే చోట) బి డ్రైవ్‌ను 360కె అని నమోదు చేయండి. 1.2 ఎంబీ అని పొరపాటున పెడితే డిస్కు మార్చినా పాత డిస్కు డైరెక్టరీయే తెర మీద కనబడే ప్రమాదం ఉంది. ఆ స్థితిలో సేవ్ చేస్తే కొత్త డిస్కు మీద పాత డిస్కు ఫ్యాట్ పడి అంతా చెడిపోతుంది.

రెండో డ్రైవ్ దొరక్కపోతే ఈ వరుసలో చేయండి:

1. ఎన్నడూ ఫార్మాట్ కాని డబుల్ డెన్సిటీ డిస్కు తీసుకోండి. లేదంటే పాత డిస్కును ఆడియో టేపులు చెరిపే ఏసీ డీగాసర్‌తో చెరపండి. డీగాసర్‌ను డిస్కుకు దూరంగా ఉండగా ఆన్ చేసి, దగ్గరికి తెచ్చి, రెండు వైపులా గుండ్రంగా తిప్పుతూ, నెమ్మదిగా బారెడు దూరం జరిపాకే ఆపాలి. డిస్కు పక్కనే స్విచ్ ఆపేస్తే అక్కడొక బలమైన మచ్చ మిగిలిపోతుంది. మిగతా డిస్కుల డబ్బా, పాత పిక్చర్ ట్యూబు మానిటర్ ఆ గదిలో దగ్గరగా ఉండకూడదు.
2. ఏటీలో /4తో ఫార్మాట్ చేసి, అక్కడే ఫైళ్లు కాపీ చేయండి. రాసింది సన్న ట్రాకే అయినా పక్కన పాత రాత లేదు కాబట్టి వెడల్పు హెడ్ దాన్ని చదవగలదు.
3. గాటుకు టేపు వేసి ఎక్స్‌టీలో పెట్టి, హార్డ్ డిస్కుకో, ఎక్స్‌టీలోనే ఫార్మాట్ చేసిన ఇంకో ఫ్లాపీకో కాపీ చేసుకోండి.

ఆ డిస్కు మీద ఎక్స్‌టీలో ఒకసారి రాశారంటే అది ఇక ఎక్స్‌టీ డిస్కే. ఏటీలో చదవొచ్చు గానీ, డీగాస్ చేయకుండా మళ్లీ అక్కడ రాయకూడదు. ఇప్పటి కంప్యూటర్‌కు గ్రీజ్‌వీజిల్ లాంటి బోర్డు (పాత ఫ్లాపీ డ్రైవ్‌ను నడిపేది) తగిలించి, 1.2 ఎంబీ డ్రైవ్‌తో 360కె ఇమేజ్‌లు (డిస్కు మొత్తానికి నకలు ఫైళ్లు) రాసేవాళ్లకూ ఇదే నియమం. హెడ్‌ను రెండేసి ట్రాకులు జరిపించమని చెప్పడం మరిచిపోతే ఆ డిస్కు ఎక్స్‌టీలో అసలు బూట్ కాదు.

మూడున్నర అంగుళాల డిస్కులు

ఇక్కడ గొడవ తక్కువ. 720కె డబుల్ డెన్సిటీకి డాస్ 3.2, 1.44 ఎంబీ హై డెన్సిటీకి డాస్ 3.3 ఉండాలి. రెండు మూలల్లోనూ చిల్లులుంటే హై డెన్సిటీ. ఒక మూలే, అదీ రాత ఆపే చిన్న జారుడు మీట ఉన్న మూలే చిల్లుంటే డబుల్ డెన్సిటీ. 720కె డ్రైవ్ ఆ రెండో చిల్లును చూడదు. హై డెన్సిటీ డిస్కును అందులో 720కెగా ఫార్మాట్ చేసి 1.44 డ్రైవ్‌లో పెడితే, చిల్లు చూసి హై డెన్సిటీ అనుకుని చదవలేనంటుంది. ఆ చిల్లుకు రెండు వైపులా టేపు వేసి, మళ్లీ ఫార్మాట్ చేస్తే చాలావరకు పనిచేస్తుంది. ఈ సైజులో రెండు పూతల మొండితనం మధ్య తేడా ఐదుంపావులో ఉన్నంత లేదు. డబుల్ డెన్సిటీ డిస్కుకు చిల్లు పొడిచి 1.44గా వాడటం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. తొలినాటి ఐబీఎం పీఎస్/2 డ్రైవ్‌లలో చిల్లును చూసే సెన్సరే లేదు. అక్కడ 720కె డిస్కుకు సైజు మీరే చెప్పాలి.

పాత సరుకు కొనేటప్పుడు

ఇప్పుడు దొరికేదంతా పాత స్టాకే. సోనీ కూడా 2011లో మూడున్నర ఫ్లాపీలు ఆపేసింది. సీలు విప్పని పది డిస్కుల డబ్బా దొరికితే మేలు, కానీ సీలు ఒక్కటే హామీ కాదు. మన కోస్తా తేమకు సీలు లోపల కూడా బూజు పడుతుంది. ప్రతి డిస్కునూ కవర్‌లోంచి తీసి, వేళ్లతో తిప్పుతూ, హెడ్ కిటికీ గుండా రెండు వైపులా ఏటవాలు వెలుతురులో పూర్తి చుట్టు చూడండి. తెల్లటి చుక్కలు, సాలెగూడు లాంటి మరకలు, గుండ్రంగా గీసుకుపోయిన మెరుపు గీతలు కనబడితే డ్రైవ్‌లో పెట్టొద్దు. ఒక్క బూజు డిస్కు హెడ్‌ను పాడుచేస్తే, ఆ హెడ్ తర్వాత పెట్టిన మంచి డిస్కులన్నిటినీ గీరేస్తుంది.

డిస్కు తిరుగుతుండగా కీచుమని శబ్దం వస్తే వెంటనే బయటికి తీయండి. పూత కరిగి హెడ్‌కు అంటుకుంటోందని ఆ శబ్దానికి అర్థం. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో హెడ్‌ను మెత్తగా తుడవండి. రెండు హెడ్‌ల డ్రైవ్‌లో పై హెడ్ చేతిని బలంగా పైకెత్తకండి, దాని పల్చటి స్ప్రింగు ఒకసారి వంగితే హెడ్ మళ్లీ సరిగా కూర్చోదు. తుడిచింది ఆరాక, పోయినా ఫర్వాలేని డిస్కుతో ముందు పరీక్షించండి.

ఏసీ గదిలోంచి తెచ్చిన డిస్కులను ఉక్కపోతలో వెంటనే వాడొద్దు. కవర్‌లోనే గంటో రెండు గంటలో ఉంచితే మీద చేరిన చెమ్మ ఆరిపోతుంది. చాలా కవర్ల వెనుక 10 నుంచి 52 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచమని అచ్చు వేసి ఉంటుంది. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు ఆ హద్దు సులువుగా దాటుతుంది.

లేబుల్ మీద రాయాల్సింది రాశాకే డిస్కుకు అతికించండి. అతికించాక రాయాల్సి వస్తే బాల్‌పెన్ను వద్దు, స్కెచ్ పెన్నుతో ఒత్తిడి లేకుండా రాయండి. ఫైళ్ల పేర్లతో పాటు ఫార్మాట్ చేసిన తేదీ, ఏ డ్రైవ్‌లో చేశారో కూడా వేయండి: ‘360 డ్రైవ్’ అనో, ‘1.2 డ్రైవ్ /4’ అనో.